ఎకరాకు నలభై గుంటలు... బైటుకు ఎనిమిది బిట్లు!

'వంద ఎంబీపీఎస్‌ అన్నారు... పన్నెండే వస్తోంది!' ఇంటికి ఇంటర్నెట్‌ పెట్టించుకున్న చాలామంది మాట ఇది. కనెక్షన్‌ ఇచ్చినాయనతో గొడవ పడేవాళ్లు కొందరు, 'మన ఊరికి ఇంతే' అని సరిపెట్టుకునేవాళ్లు కొందరు. ఎనిమిదో ఎక్కం వస్తే చాలు, ఈ గొడవల్లో సగం ఉండవు. మిగతా సగంలో ఎవరిది తప్పో తేల్చడం కూడా సులువవుతుంది.

రంగారెడ్డి జిల్లా షాబాద్‌ మండలంలోని చందనవెల్లి. అక్కడి పెద్ద రైతు ఎవరికైనా ఓ కాగితం మీద '2.20' అని రాసి చూపించండి. కళ్లజోడు కూడా సర్దుకోకుండానే 'రెండెకరాల ఇరవై గుంటలు' అని చదివేస్తారు. అంటే రెండున్నర ఎకరాలన్నమాట. అదే కాగితాన్ని గుంటూరు రైతు చేతిలో పెడితే 'రెండెకరాల ఇరవై సెంట్లు' అంటారు. తెలంగాణలో ఎకరానికి నలభై గుంటలు, కోస్తాలో ఎకరానికి వంద సెంట్లు మరి! అంకె అదే, చుక్క అదే. కానీ ఒకరి లెక్కకీ మరొకరి లెక్కకీ తేడా పన్నెండు గుంటలు. గజాల్లో చెబితే 1,452.

హైదరాబాద్‌ చుట్టుపక్కల 1,452 గజాలంటే మాటలా? అందుకే పొలం బేరానికి కూర్చున్నప్పుడు ఎవరూ ఉత్త అంకె చూసి తల ఊపరు. 'గుంటలా, సెంట్లా, గజాలా?' అని ముందే అడుగుతారు. భూమి విషయంలో ఇంత జాగ్రత్తగా ఉండే ఇంట్లోనే, నెలనెలా డబ్బు కట్టే ఇంటర్నెట్‌ దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న ఎవరికీ గుర్తురాదు. అక్కడ అడగాల్సింది ఒక్కటే... 'బిట్లా, బైట్లా?'

పొలాల పక్కన సమాచార గిడ్డంగి

ఈ లెక్క చెప్పుకోవడానికి చందనవెల్లిని మించిన ఊరు దొరకదు. చేవెళ్ల ప్రాంతం అనగానే నగరవాసులకు గుర్తొచ్చేవి టమాటాలు, ఆకుకూరలు, పూలతోటలు, రోడ్డుకు అటూ ఇటూ నిలబడ్డ మర్రిచెట్లు. ఆ పక్కనే ఉన్న చందనవెల్లిలో ప్రభుత్వం పారిశ్రామిక పార్కు ఏర్పాటు చేసింది. అమెజాన్‌ వెబ్‌ సర్వీసెస్‌ తెలంగాణలో రూ.20,761 కోట్లతో డేటా సెంటర్లు నెలకొల్పుతుందని 2020 నవంబరులో ప్రకటన వచ్చినప్పుడు, వాటికి ఎంపిక చేసిన మూడు చోట్లలో చందనవెల్లి ఒకటి. మిగతా రెండూ ఫ్యాబ్‌ సిటీ, ఫార్మా సిటీ. సరిగ్గా రెండేళ్లకు, 2022 నవంబరు 22న ఆ సంస్థ హైదరాబాద్‌ కేంద్రం పని మొదలుపెట్టింది. మన దేశంలో దానికి ఇది రెండోది. మొదటిది ముంబయిలో 2016లోనే వచ్చింది.

డేటా సెంటర్‌ అంటే సమాచారానికి గిడ్డంగి. బ్యాంకుల ఖాతాలు, సినిమాలు, ఆసుపత్రి రికార్డులు, ఎవరో దాచుకున్న పెళ్లి ఫొటోలు... అన్నీ అక్కడి యంత్రాల్లో ఉంటాయి. ఒకచోట కరెంటు పోయినా, వరద వచ్చినా పని ఆగకుండా ఇలాంటి గిడ్డంగుల సముదాయాలను కొన్ని కిలోమీటర్ల ఎడంలో కట్టి, గాజు తీగలతో కలుపుతారు. ఆ తీగల్లో సమాచారం పారే వేగాన్ని గిగాబిట్లలో, అంతకుమించి టెరాబిట్లలో లెక్కేస్తారు.

ఇక గోడకు ఇవతల, మామూలు ఇల్లు. డిగ్రీ చదివే కొడుకు నెలకు వంద 'ఎంబీపీఎస్‌' ప్లాను పెట్టించాడు. ఓ ఫైలు దించుకుంటుంటే తెర మీద 'సెకనుకు 12 ఎంబీ' అని కనిపించింది. పక్కనే కూర్చున్న తండ్రి ఊరుకుంటాడా?

'వందకు పైసలు కట్టి పన్నెండు తెచ్చుకుంటున్నవా బిడ్డా?'

'ఫోన్‌ చేసి అడుగుత నాయినా!'

ఏ ఊళ్లోనైనా వినిపించే సంభాషణే ఇది. ఫోను అందుకున్న అవతలి మనిషి సరిగ్గా వివరించి చెబితే సరే. 'మా దగ్గర్నుంచి కరెక్టుగానే వస్తోందన్నా' అని పెట్టేస్తే మాత్రం తండ్రికి అనుమానం బలపడుతుంది. నిజానికి ఆ ఇంట్లో ఇద్దరు చూసిన అంకెలూ సరైనవే. వంద మెగాబిట్లన్నా, పన్నెండున్నర మెగాబైట్లన్నా ఒకటే. నలభై గుంటలన్నా ఎకరం అన్నా ఒకటే అయినట్టు!

కలిసిపోకూడదనే ఆ పేరు!

కంప్యూటరుకు తెలిసినవి రెండే సంగతులు... ఉంది, లేదు. దాన్నే ఒకటి, సున్నా అంటాం. ఆ ఒక్క ఒకటినో ఒక్క సున్నానో 'బిట్‌' అంటారు. 1948లో క్లాడ్‌ షానన్‌ అనే అమెరికన్‌ శాస్త్రవేత్త సమాచారాన్ని ఎలా కొలవాలో చెబుతూ రాసిన ప్రసిద్ధ వ్యాసంతో ఈ మాట లోకానికి తెలిసింది. పేరు సూచించింది మాత్రం జాన్‌ టూకీ అని ఆయనే అందులో రాశాడు.

ఒక్క బిట్‌తో అక్షరం రాయలేం. కొన్ని బిట్లను ఓ గుంపుగా కట్టాలి. 1956లో ఐబీఎం సంస్థలో పనిచేస్తున్న వెర్నర్‌ బుచోల్జ్‌ ఆ గుంపుకు 'బైట్‌' అని పేరు పెట్టాడు. ఇంగ్లిష్‌లో కొరకడం, ముక్క అనే అర్థమున్న మాట అది. అయితే మామూలుగా రాసే అక్షరాలతో రాస్తే ఒక అక్షరం జారిపోయి ఎక్కడ 'బిట్‌' అయిపోతుందోనని కావాలనే స్పెల్లింగ్‌ మార్చాడు. తర్వాత 1964లో ఐబీఎం తెచ్చిన సిస్టమ్‌ 360 కంప్యూటర్లతో బైటుకు ఎనిమిది బిట్లన్న లెక్క స్థిరపడింది.

తమాషా ఏమిటంటే, రెండు మాటలూ కలిసిపోకూడదని ఆయన అంత జాగ్రత్తపడితే... పొట్టిపేర్లు పెట్టేటప్పుడు రెండింటికీ 'బీ' అక్షరమే వచ్చింది! ఇంగ్లిష్‌లో కనీసం చిన్న 'బీ' రాస్తే బిట్‌, పెద్ద 'బీ' రాస్తే బైట్‌ అనే కట్టుబాటు ఉంది. మరి తెలుగులో? మన అక్షరాల్లో చిన్నవీ పెద్దవీ అనే తేడానే లేదాయె. అందుకే 'ఎంబీ' అన్నా 'ఎంబీపీఎస్‌' అన్నా అది మెగాబిట్టో మెగాబైటో రాతలో తెలియదు. చదివేవాళ్లు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

ఊహకు ఓ సులువైన దారి ఉంది. దారిలో పారే వేగాన్ని, అంటే కనెక్షన్‌నీ ప్లానునీ కంపెనీలు బిట్లలో చెబుతాయి. ఒకచోట దాచిన సరుకును, అంటే ఫైలునీ ఫోన్‌ మెమరీనీ రోజువారీ కోటానీ బైట్లలో చెబుతారు. టెలిగ్రాఫు కాలం నుంచీ తీగ మీద ఒకదాని వెనక ఒకటిగా వెళ్లే సంకేతాలను లెక్కపెట్టడం తంతి, టెలిఫోను ఇంజినీర్ల అలవాటు. దాచిన అక్షరాలను లెక్కపెట్టడం కంప్యూటర్‌ వాళ్ల అలవాటు. ఇద్దరి లెక్కలూ మన ఇంటి తెర మీద కలుసుకున్నాయి.

అన్నట్టు, మన భాషకు సంబంధించిన చిన్న విశేషం... ఇంగ్లిష్‌లో ఒక అక్షరం దాచడానికి ఒక బైట్‌ చాలు. ఇంటర్నెట్‌లో వాడే పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ తలా మూడు బైట్లు కావాలి. 'చందనవెల్లి' అని తెలుగులో రాస్తే గుర్తులు పది, బైట్లు ముప్ఫై, బిట్లు 240. ఇంగ్లిష్‌లో పన్నెండు అక్షరాలతో రాస్తే 12 బైట్లు, 96 బిట్లు. అయినా భయమక్కర్లేదు. వంద మెగాబిట్ల దారిలో సెకనుకు నాలుగు లక్షల సార్లు 'చందనవెల్లి' అని తెలుగులోనే పంపొచ్చు!

క్యూసెక్కులూ టీఎంసీలూ

వేగానికీ సరుకుకూ తేడా పత్రిక చదివే ఇళ్లలో కొత్త సంగతేం కాదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్‌ మీదుగా నగరానికి వెళ్లే దారికి ఒకవైపు ఉస్మాన్‌సాగర్‌, మరోవైపు హిమాయత్‌సాగర్‌. వానాకాలంలో ఆ జలాశయాల వార్త రాసేటప్పుడు 'ఇన్ని క్యూసెక్కుల ప్రవాహం, ఇన్ని టీఎంసీల నిల్వ' అని రెండు అంకెలూ ఇస్తారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. అది వేగం. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. అది నిల్వ. 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా వస్తే ఒక టీఎంసీ నిండుతుంది.

ఇంటర్నెట్‌లో 'వంద మెగాబిట్లు' క్యూసెక్కుల లాంటిది. 'రోజుకు ఒకటిన్నర జీబీ' టీఎంసీ లాంటిది. ఇప్పుడు రెండూ కలిపి చూడండి. సెల్‌ఫోన్‌లో సెకనుకు 40 మెగాబిట్ల వేగం వస్తోందనుకుందాం. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 5 మెగాబైట్లు. ఒకటిన్నర జీబీ అంటే 1,500 మెగాబైట్లు. ఐదుతో భాగిస్తే 300 సెకన్లు. అంటే ఆ వేగాన్ని పూర్తిగా వాడుకుంటే రోజంతటి కోటా ఐదే నిమిషాల్లో ఖాళీ! పొద్దున పిల్లాడు ఓ పెద్ద గేమ్‌ దించుకుంటే మధ్యాహ్నానికి అమ్మ ఫోన్‌లో వీడియో ఎందుకు తిరుగుతూ ఉండిపోతోందో ఇప్పుడు తెలిసింది కదా.

కోటా అయిపోయాక కొన్ని ప్లాన్లలో వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఎనిమిదితో భాగిస్తే 8 కిలోబైట్లు. రెండు మెగాబైట్ల ఫొటో ఒకటి రావడానికి నాలుగు నిమిషాల పైనే. 'అపరిమితం' అన్న మాటను నమ్మి ప్లాను తీసుకునేవాళ్లు చిన్న అక్షరాల్లో ఉన్న ఈ 64ను చూడరు. చూసినా అది బిట్లలో ఉందని గమనించరు.

ఇంటి కనెక్షన్లలోనూ ఇలాంటి గట్టు ఉంటుంది. కొన్ని ప్లాన్లలో నెలకు 3,300 జీబీ దాటితే వేగం తగ్గిస్తారు. అది చిన్న అంకె కాదు. కానీ వంద మెగాబిట్ల తూము రోజంతా బార్లా తెరిచి ఉంచితే ఇరవైనాలుగు గంటల్లో 1,080 జీబీ వస్తుంది. అంటే నెల కోటా మూడు రోజుల పైచిలుకులో పూర్తవుతుంది. మామూలు కుటుంబం తూమును ఎప్పుడూ అలా తెరిచి ఉంచదు కాబట్టి సరిపోతోంది, అంతే.

నిమిషాల నుంచి సెకన్లకు...

మన దేశంలో విదేశ్‌ సంచార్‌ నిగమ్‌ 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్‌ అందించడం మొదలుపెట్టింది. టెలిఫోన్‌ తీగకు మోడెమ్‌ తగిలించి, కీచుమనే చప్పుడు వింటూ కూర్చున్న రోజులు చాలామందికి గుర్తే. ఆ మోడెమ్‌ల గరిష్ఠ వేగం 56 కిలోబిట్లు. ఎనిమిదితో భాగిస్తే 7 కిలోబైట్లు. నాలుగు మెగాబైట్ల పాట ఒకటి దిగాలంటే తొమ్మిదిన్నర నిమిషాలు పట్టేది. అదీ లైను మధ్యలో తెగకపోతే!

2004లో కేంద్ర ప్రభుత్వ విధానం 256 కిలోబిట్లు వస్తే దాన్ని 'బ్రాడ్‌బ్యాండ్‌' అనొచ్చంది. పాట రెండు నిమిషాలకు వచ్చింది. 2013లో హద్దును 512 కిలోబిట్లకు పెంచారు. పాటకు నిమిషం. 2023 జనవరిలో అది 2 మెగాబిట్లయింది. పాటకు పదహారు సెకన్లు. చట్టం ప్రకారం కనీసం ఇది అన్నమాట. పంచాయతీలకు గాజు తీగ వేసే భారత్‌నెట్‌ పథకం లక్ష్యం వంద మెగాబిట్లు. అది వస్తే పాట సెకనులో మూడో వంతు! ఇన్నేళ్లలో అంకెలు ఎన్ని మారినా ఎనిమిది మాత్రం మారలేదు.

వెయ్యా... వెయ్యిన్ని ఇరవైనాలుగా?

ఇంకో చిక్కు కూడా ఉంది. కొట్లో '64 జీబీ' అని కొన్న పెన్‌డ్రైవ్‌ను ఇంటికొచ్చి కంప్యూటర్‌కు పెడితే 59 చిల్లరే చూపిస్తుంది. 'ఒక టీబీ' హార్డ్‌డిస్కులో 931 జీబీయే కనిపిస్తుంది. మిగతాది ఎవరు తిన్నారు?

ఎవరూ తినలేదు. తయారీదారులు కిలో అంటే వెయ్యి అని లెక్కేస్తారు. కిలోగ్రాము, కిలోమీటరు లాగే. కంప్యూటర్‌ వాళ్లకు మాత్రం రెండును రెండుతో గుణించుకుంటూ పోవడం అలవాటు. అలా పోతే వెయ్యికి దగ్గరగా తగిలే అంకె 1,024. దాన్నీ 'కిలో' అనేశారు. కిలో దగ్గర తేడా నూటికి రెండున్నర కూడా లేదు. మెగా దగ్గర ఐదుకు చేరింది. గిగా దగ్గర ఏడు దాటింది. టెరా దగ్గర దాదాపు పది. వడ్డీ మీద వడ్డీ లాగా!

ఈ గందరగోళం పోవాలని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1998లో 1,024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. ఇంజినీర్లు వాడుతున్నారు గానీ ఇళ్లల్లోకి ఇంకా రాలేదు. టెలికం వేగాల విషయంలో ఈ తలనొప్పి లేదు. అక్కడ కిలో అంటే ఎప్పుడూ వెయ్యే. ఉదాహరణకు టెలిఫోన్‌ ఎక్స్ఛేంజీల్లో మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఎనిమిది బిట్లతో రాస్తారు. మొత్తం 64,000 బిట్లు, అంటే సరిగ్గా 64 కిలోబిట్లు. అలాంటివి 32 కలిపి ఒక తీగ మీద పంపే పాత పద్ధతి వేగం 2.048 మెగాబిట్లు. అది 2,048 కిలోబిట్లే కదా, 1,024తో భాగించి రెండు అనేస్తే సరిపోదూ అనిపిస్తుంది. టెలికం ఇంజినీరు మాత్రం ఒప్పుకోడు.

పదిహేనో రోజు దొంగ!

లెక్క తప్పితే పోయేది కాసేపటి ఓపికేనా? ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పోతుంది. ఇప్పుడు ఊళ్లలో దుకాణాలకీ, పాల కేంద్రాలకీ, కోళ్ల ఫారాలకీ సీసీ కెమెరాలు పెట్టిస్తున్నారు. నాలుగు కెమెరాలు, వాటి దృశ్యాలు దాచేందుకు ఒక టీబీ డిస్కు. 'నెల రోజుల రికార్డు ఉంటుంది' అన్న మాట మీద యజమాని నిశ్చింతగా ఉంటాడు. లెక్క చూద్దాం.

ఒక్కో కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తోందనుకుంటే, ఎనిమిదితో భాగిస్తే పావు మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు. అంటే 21,600 మెగాబైట్లు... 21.6 జీబీ. నాలుగు కెమెరాలకు 86.4 జీబీ. వెయ్యి జీబీల డిస్కు పదకొండున్నర రోజుల్లో నిండిపోతుంది. ఆ తర్వాత కొత్త దృశ్యాలు పాతవాటిని చెరిపేస్తూ పోతాయి. దొంగతనం జరిగిన సంగతి పదిహేనో రోజున బయటపడితే? పోలీసులు వచ్చి డిస్కు తిప్పి చూసేసరికి ఆ రాత్రి దానిలో ఉండదు!

కెమెరా పెట్టించేటప్పుడే 'సెకనుకు ఎన్ని బిట్లు, డిస్కు ఎన్ని బైట్లు?' అని అడిగి, ఓ కాగితం మీద వేసుకుంటే నెలకు రెండున్నర టీబీలకు పైనే కావాలని తేలిపోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా పెట్టుకుంటే ఇంకా తక్కువతోనే సరిపోతుంది. ఏది చేయాలన్నా ముందు లెక్క తెలియాలి.

లారీయే వేగం

డేటా సెంటర్ల వాళ్లకూ ఇదే గుణకారం తప్పదు. ఏదైనా పెద్ద సంస్థ తన దగ్గరున్న 80 టీబీల సమాచారాన్ని అలాంటి కేంద్రానికి పంపాలనుకుందాం. చేతిలో వంద మెగాబిట్ల లైను ఉంది. ఎంత సేపు పడుతుంది? దాదాపు 74 రోజులు! అదే సమాచారాన్ని డిస్కుల్లో నింపి, పెట్టెలో పెట్టి బండెక్కిస్తే ఒక రోజులో చేరుతుంది. అమెజాన్‌ 2015లో అచ్చంగా ఇలాంటి పెట్టెలనే తెచ్చింది. మరుసటి ఏడాది ఇంకాస్త ముందుకు వెళ్లి, 45 అడుగుల కంటైనర్‌ లారీనే తయారుచేసింది. అందులో వంద పెటాబైట్లు, అంటే లక్ష టీబీలు పడతాయి. అంత సరుకును ఒక గిగాబిట్‌ లైను మీద పంపాలంటే పాతికేళ్లు పడుతుంది మరి! గాజు తీగల వేగం పెరుగుతూ వచ్చాక 2024లో ఆ లారీ సేవను ఆపేశారు.

చేవెళ్ల టమాటా రైతుకు ఈ సంగతి చెబితే వింతగా ఏమీ తోచదు. సరుకు ఎక్కువైతే లారీ, తక్కువైతే స్కూటర్‌. ఎంత సరుకు, ఎంత వేగం అన్న రెండు అంకెలూ ఒకే కొలతలో ఉంటేనే ఏది లాభమో తేలుతుంది.

మరి అసలు మోసం?

ఎనిమిదితో భాగించాక కూడా అంకె తక్కువగానే వస్తే? కొంత తరుగు సహజం. సమాచారం పార్సిళ్లుగా వెళుతుంది. ప్రతి పార్సిల్‌ మీదా చిరునామా ఉంటుంది. ఆ చిరునామాలకూ కొన్ని బిట్లు పోతాయి. వంద మెగాబిట్ల తీగలో అసలు సరుకు 94, 95 దాకానే కనిపిస్తుంది. అంటే పన్నెండున్నర బదులు పన్నెండు కిందకి రావడం మామూలే.

ముప్ఫై, నలభై దగ్గరే ఆగిపోతుంటే మాత్రం వెతకాలి. ముందు ఇంట్లోనే. గోడలు దాటి వచ్చే వైఫై వేగం తగ్గుతుంది కాబట్టి రౌటర్‌కు తీగతో కంప్యూటర్‌ను కలిపి పరీక్షించాలి. కొన్ని పాత రౌటర్ల తీగ ద్వారాలు వంద మెగాబిట్లకు మించి పనిచేయవు. అలాంటి ఇంట్లో రెండొందల ప్లాను కొన్నా వందే వస్తుంది. ఎక్కువ కట్టే డబ్బు వృథా. పొద్దున ఒకసారి, అందరూ వాడే రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వేగం చూసి రాసుకోవాలి. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ 2016లో తెచ్చిన 'మైస్పీడ్‌' యాప్‌ ఇందుకు పనికొస్తుంది. ఇలాంటి పరీక్షల్లో అంకె మెగాబిట్లలో వస్తుంది కాబట్టి దాన్ని ప్లానుతో నేరుగా పోల్చుకోవచ్చు. ఎనిమిదితో భాగించకూడదు!

దించుకునే వేగంతోపాటు పంపే వేగాన్నీ అడగాలి. కొన్ని కనెక్షన్లలో రెండోది బాగా తక్కువ. ఆన్‌లైన్‌ దరఖాస్తుకు గడువు చివరి గంటలో సర్టిఫికెట్లు పంపే విద్యార్థికి కావాల్సింది అదే. నాలుగైదు రోజుల అంకెలు తేదీలతో చేతిలో ఉంటే, ఫిర్యాదు చేసినప్పుడు 'కరెక్టుగానే వస్తోందన్నా' అని ఎవరూ దాటవేయలేరు.

చేతి లెక్కలు

* బిట్లను బైట్లుగా మార్చాలంటే ఎనిమిదితో భాగించాలి. బైట్లను బిట్లుగా మార్చాలంటే ఎనిమిదితో గుణించాలి.

* నోటి లెక్కకు పదితో భాగించినా పర్లేదు. తరుగు కూడా కలిసొచ్చి, తప్పకుండా అందే వేగం తేలుతుంది.

* సెకనుకు 8 మెగాబిట్లు = 1 మెగాబైటు. 40 మెగాబిట్లు = 5 మెగాబైట్లు. 100 మెగాబిట్లు = 12.5 మెగాబైట్లు. 1 గిగాబిట్‌ = 125 మెగాబైట్లు.

* వేగాల్లో 1,000 కిలోబిట్లు ఒక మెగాబిట్‌. 1,000 మెగాబిట్లు ఒక గిగాబిట్‌. 1,024 గొడవ డిస్కులూ ఫైళ్ల దగ్గరే.

* సెకనుకు 1 మెగాబిట్‌ ఆగకుండా ఒక రోజు పారితే 10.8 జీబీ.

* ఒకటిన్నర జీబీ సినిమా వంద మెగాబిట్ల కనెక్షన్‌లో దిగడానికి రెండు నిమిషాలు. పదిహేను సెకన్లలో దిగుతుందని ఎవరైనా అంటే... వాళ్లు ఎనిమిదిని మరిచిపోయినట్టే!

చందనవెల్లి ఇంట్లో తండ్రీకొడుకుల దగ్గరికి మళ్లీ వస్తే... కొడుక్కి కంప్యూటర్‌ తెలుసు, తండ్రికి భూమి తెలుసు. 'నాయినా, మన రెండెకరాల ఇరవైని ఆంధ్రాలో రెండెకరాల ఇరవై సెంట్లని చదివినట్టే ఇది కూడా. అంకె చూసి లాభం లేదు, వెనక ఏముందో చూడాలె' అని చెబితే ఆ పెద్దాయనకు ఒక్క నిమిషంలో అర్థమైపోతుంది. మన రాతలో చిన్న 'బీ', పెద్ద 'బీ' లేవు కాబట్టి, పూర్తిగా 'మెగాబిట్లు' అనో 'మెగాబైట్లు' అనో రాయడమూ పలకడమూ మంచిది. రెండక్షరాలు ఎక్కువైతేనేం? పహాణీలో గుంటలు అని ఒక్క మాట కలపనందుకు పన్నెండు గుంటలు పోగొట్టుకోవడం కంటే నయమే కదా!